వాషర్ మీట లాగితే చుక్కలే రాలుతున్నాయి, పైగా మురుగు వాసన: రోగం ఎక్కడ?

కంబాలకొండ (మధురవాడ)
అందరికీ నమస్కారం. ఆరేళ్లు నడిచిన హ్యాచ్‌బ్యాక్ కారు ఒకటి ఈ మధ్య సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఇంజను, బ్రేకులు భేషుగ్గా ఉన్నాయి. పేచీ అంతా ముందు అద్దం కడిగే నీళ్లతోనే. మీట లాగితే డ్రైవరు వైపు నాజిల్ నుంచి నాలుగు చుక్కలు రాలి బానెట్ మీదే పడుతున్నాయి. రెండో వైపు అదీ లేదు. వచ్చే కాసిని నీళ్లు కూడా మురుగు వాసన. ఏసీ బయటి గాలి తీసుకునేలా పెట్టి ఉంటే ఆ వాసన నేరుగా లోపలికి వచ్చేస్తోంది, పిల్లలు ముక్కు మూసుకుంటున్నారు.

గుండుసూదితో నాజిల్ పొడిస్తే కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మొదటికే వస్తుంది. ట్యాంకులో పోసేది మా అపార్టుమెంటు బోరు నీళ్లు, అందులో మూతెడు కారు షాంపూ. పాత యజమానీ అదే పోసేవారట. సర్వీసు సెంటరులో చూపిస్తే మోటారు, నాజిళ్లు అన్నీ మార్చాలన్నారు. డబ్బు పెట్టే ముందు అసలు సంగతి తెలుసుకుందామని అడుగుతున్నాను.

నాలుగో_గేరు (అక్కయ్యపాలెం)
మార్చమనక ఏమంటారండీ, వాళ్ల బేరం అది. గుండుసూది లావు ఎక్కువ. మందుల దుకాణంలో ఇన్సులిన్ సిరంజి దొరుకుతుంది, దాని సూదితో నెమ్మదిగా పొడవండి. నేను అదే చేస్తాను.

పానా_పది (గాజువాక)
సూది పోట్లు కాసేపు ఆపుదాం. నాజిళ్లు రెండు రకాలు. పాత రకంలో చిన్న గోళీ, దానికి సన్న రంధ్రం ఉంటాయి. సూది పెట్టి గోళీని కాస్త తిప్పి, ధార అద్దం మీద ఎక్కడ పడాలో సరిచేసుకోవచ్చు. కొత్త కార్లలో చాలావాటికి ధార రాదు, వెడల్పుగా తుంపర విచ్చుకుంటుంది. దాని లోపల కదిలే భాగం ఏదీ లేదు. చిన్న ప్లాస్టిక్ బిళ్ల మీద చెక్కిన గాడిలో నీరే అటూ ఇటూ ఊగుతూ బయటికి వచ్చి తుంపర అవుతుంది. ఆ గాడిని సూది గీసిందంటే తుంపర పోయి వంకర ధార మిగులుతుంది. ఇక కొత్త నాజిల్ కొనాల్సిందే. మీది ఏ రకమో చూసుకోండి.

ఇప్పుడు మోటారు సంగతి. కొత్తది కొనే ముందు ఉన్నదానికి పరీక్ష పెట్టండి. ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పి, కిటికీలు దించి మీట లాగండి. ముందు చక్రం వైపు నుంచి సన్నగా రొద వినిపిస్తే మోటారు బతికే ఉంది. రొద లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత మోటారు దగ్గరి ప్లగ్గు చూడాలి. మన విశాఖ సముద్రపు గాలికి ఆ ప్లగ్గు పిన్నులకు పచ్చ చిలుము పట్టడం మామూలే, గీకి పెడితే చాలాసార్లు అక్కడితో తేలిపోతుంది.

ఇంకొకటి. వెనక అద్దానికి వైపర్ ఉందా? ఉంటే వెనక నీళ్లు ఎలా వస్తున్నాయి? చాలా చిన్న కార్లలో ముందుకూ వెనక్కూ మోటారు ఒకటే. ఒక దిక్కుకు తిరిగితే ముందు గొట్టంలోకి, ఎదురు దిక్కుకు తిరిగితే వెనక గొట్టంలోకి నీళ్లు తోస్తుంది. వెనక జోరుగా వచ్చి ముందు రాకపోతే అడ్డు ముందు గొట్టంలోనో నాజిల్‌లోనో ఉంది. రెండూ నీరసంగా ఉంటే ట్యాంకు అడుగున ఉంది.

కంబాలకొండ (మధురవాడ)
రొద బాగానే వినిపిస్తోంది. వెనక కూడా నీరసమే, జారి నంబరు ప్లేటు మీద పడుతోంది. నాజిళ్లు గోళీ రకం, అందుకే సూది బతికించినట్టుంది.

పానా_పది (గాజువాక)
అయితే మోటారు మంచిదే, నాజిల్ మంచిదే. ట్యాంకు అడుగున మోటారు దూరే చోట రబ్బరు బుష్ ఉంటుంది, దానికి చిన్న జాలి అతికి ఉంటుంది. ఆ జాలి పాచితో మూసుకుపోయి ఉంటుంది. మీరు పైన పొడిచినన్నాళ్లూ కింద నుంచి కొత్త పాచి ముక్కలు పైకి వస్తూనే ఉన్నాయి. కొత్త మోటారు వేసినా అదే జాలి వెనక కూర్చోబెడితే అదే నీరసం.

ఉప్పుగాలి (చినవాల్తేరు)
ఈ ఊళ్లో వాషర్ పనిచేయకపోవడం చిన్న విషయం కాదు. బీచ్ రోడ్డు పక్క రాత్రంతా కారు ఆపితే తెల్లారేసరికి అద్దం మీద ఉప్పు పొర. పాతబస్తీ, జ్ఞానాపురం వైపు ఉండేవాళ్లకు నల్ల దుమ్ము. ఈ రెండూ కలిసిన అద్దం మీద పొడిగా వైపర్ తిప్పితే గరుకు కాగితంతో రుద్దినట్టే. నా పాత కారుకు డ్రైవరు కళ్లెదుట విల్లు ఆకారంలో గీత పడింది, సాయంత్రం ఎండ ఎదురైతే ఏమీ కనిపించేది కాదు. అప్పటి నుంచి ముందు నీళ్లు, ఆ తర్వాతే వైపర్.

నేను ఇంట్లో ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోస్తాను. ఖర్చు లేదు, తెల్ల మరకలు లేవు. వేసవిలో రోజుకు బక్కెట్లు బక్కెట్లు వస్తాయి. అందరూ ఇదే చేయొచ్చు కదా?

లిట్మస్_మాస్టారు (ఎంవీపీ కాలనీ)
ఏసీ నీళ్ల విషయంలో ఉప్పుగాలి గారి మాట సగం ఒప్పుకుంటాను. మిగతా సగం చివర చెబుతాను.

ముందు బోరు నీళ్ల సంగతి. అందులో కరిగి ఉండే కాల్షియం బైకార్బొనేటు వేడి తగిలితే విడిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోయి, నీటిలో కరగని కాల్షియం కార్బొనేటు మిగులుతుంది. ఇంట్లో గీజరు రాడ్డుకు పట్టే తెల్ల గార ఇదే. కారులో ఇది జరగడానికి అనువైన చోట్లు రెండున్నాయి. ఒకటి ఇంజను పక్కన వేడెక్కే ట్యాంకు. రెండోది నాజిల్ కొస. వైశాఖ మాసపు ఎండలో బానెట్ రేకు చేయి పెట్టలేనంతగా కాలుతుంది. మీట వదిలాక నాజిల్ కొసన నిలిచే ఆఖరి చుక్క అక్కడే ఆరిపోయి, తనలోని సున్నాన్ని అక్కడే వదిలి పోతుంది. రోజూ ఒక పలచని పొర. రంధ్రం వెడల్పే మిల్లీమీటరు లోపు కాబట్టి అది మూసుకుపోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ఉంది. దాని ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండాలి, వేరే నీటివనరు లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. అపార్టుమెంటు బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించి చూడండి. సముద్రానికి దగ్గరి బోర్లలో సున్నంతో పాటు ఉప్పు కూడా ఉంటుంది. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాల నుంచి వచ్చే కుళాయి నీళ్లు వాన నీళ్లు నిలిచినవి కాబట్టి మామూలుగా బోరు నీళ్లకంటే మెత్తగా ఉంటాయి.

షాంపూ విషయం. సబ్బు అయితే కఠిన జలంతో కలిసి తెట్టు కడుతుంది. షాంపూలో ఉండేది డిటర్జెంటు, అంత తెట్టు కట్టదు. కానీ మెరుపు కోసం మైనం కలిపిన షాంపూలు అద్దం మీద జిడ్డు పొర వదులుతాయి. రాత్రిపూట ఎదురు బండి లైట్లు పడితే అద్దమంతా తెల్లబడేది దానివల్లే. నురగ ఎక్కువైతే మోటారు నీటికి బదులు గాలి బుడగలు తోస్తుంది.

ఇక ఏసీ నీళ్లు. అవి ఆవిరి చల్లబడి చేరిన నీళ్లు, సున్నం దాదాపు ఉండదు. గార పట్టకపోవడం నిజమే. కానీ అవి లోపలి కాయిల్ మీద నుంచి, దుమ్ము పట్టిన పళ్లెంలో నుంచి, నెలల తరబడి తడిగా ఉన్న గొట్టంలో నుంచి కారి వస్తాయి. ఆ గొట్టం కొసను ఎప్పుడైనా వేలితో తడిమి చూడండి. గారను తప్పించుకుని పాచిని ఇంటికి పిలిచినట్టు అవుతుంది.

ఆర్ఓ యంత్రం ఉన్నవాళ్లు తాగే వైపు నీళ్లు పోయొచ్చు. పారబోసే వైపు నీళ్లు మాత్రం వద్దు, వడగట్టిన ఉప్పులన్నీ అందులోనే ఉంటాయి. పొదుపు అనుకుని ఆ నీళ్లే కారులో పోసేవారిని చాలామందిని చూశాను.

ఉప్పుగాలి (చినవాల్తేరు)
మాస్టారూ, గొట్టం తడిమాను. చెప్పకుండా ఉండాల్సింది. ఇకపై ఏసీ నీళ్లు మొక్కలకే.

డాక్టరమ్మ (సీతమ్మధార)
వాసన అన్నారు కాబట్టి ఈ నాలుగు మాటలు. లెజియోనెల్లా అనే సూక్ష్మజీవి ఉంది. నిలవ నీటిలో, ముఖ్యంగా 20 నుంచి 45 డిగ్రీల మధ్య వెచ్చదనంలో, పాచి పొరను ఆసరా చేసుకుని పెరుగుతుంది. ఆ నీళ్లు తాగితే వచ్చే జబ్బు కాదు. సన్నని తుంపరగా మారి ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా తెస్తుంది. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో జరిగిన సమావేశానికి వెళ్లినవారు వరుసగా జబ్బుపడితే దీన్ని కనిపెట్టారు.

విశాఖపట్నంలో బానెట్ కింద ఉండే ట్యాంకుకు ఆ వెచ్చదనం ఏడాదిలో ఎప్పుడు ఉండదో మీరే చెప్పండి. పైగా మీట లాగగానే తుంపర చేసి, ఆ తుంపర పడే చోటికి కిందే ఏసీ గాలి పీల్చే రంధ్రం పెట్టారు. ఇంగ్లండు, వేల్సులలో ఆరోగ్య రక్షణ సంస్థ 2010లో వెలువరించిన అధ్యయనంలో, వాషర్ ట్యాంకులో వాషర్ ద్రవం లేకుండా ఒట్టి నీళ్లు పోసుకునే డ్రైవర్లకు ఈ జబ్బు ముప్పు ఎక్కువని తేలింది. అక్కడి కేసుల్లో ఐదింట ఒక వంతుకు ఇదే కారణం కావొచ్చని అంచనా వేశారు. 2014లో అరిజోనాలో స్కూలు బస్సుల వాషర్ నీళ్లు పరీక్షిస్తే ఎక్కువ బస్సుల్లో ఈ సూక్ష్మజీవి దొరికింది.

నాలుగో_గేరు (అక్కయ్యపాలెం)
డాక్టరమ్మ గారూ, క్షమించాలి, ఇది కాస్త అతిగా అనిపిస్తోంది. మా నాన్నగారు ముప్పై ఏళ్లుగా కారు నడుపుతున్నారు, కుళాయి నీళ్లే పోస్తారు. ఆయనకు దగ్గు కూడా లేదు. వాషర్ నీళ్లతో న్యుమోనియా అంటే జనం కారెక్కడానికే భయపడతారు.

డాక్టరమ్మ (సీతమ్మధార)
భయపెట్టడానికి చెప్పలేదు నాయనా. మీ నాన్నగారు ఆరోగ్యంగా ఉండాలి. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఎక్కువమందికి ఈ సూక్ష్మజీవి తగిలినా ఏమీ కాదు. యాభై దాటినవారు, పొగతాగేవారు, షుగరు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు, రోజంతా బండి నడిపేవారు కాస్త జాగ్రత్తపడాలి. ట్యాంకు కడుక్కోవడానికి పట్టేది ఒక పూట. మురుగు వాసన వచ్చే నీళ్లను పిల్లల ముఖం మీదికి తుంపర కొట్టుకోకూడదని చెప్పడానికి నిజానికి ఏ అధ్యయనమూ అక్కర్లేదు. కంబాలకొండ గారూ, కడిగేదాకా మీట లాగినప్పుడు ఏసీని లోపలి గాలి మీద పెట్టండి, కిటికీలు ఎత్తి ఉంచండి. కడిగేటప్పుడు మాస్కు పెట్టుకోండి.

బ్యాడ్జీ_నంబరు (ఎన్ఏడీ కొత్త రోడ్డు)
రోజంతా బండి మీదే ఉండేవాడిని, టాక్సీ నాది. ఎయిర్‌పోర్టు, స్టీల్‌ప్లాంటు, అనకాపల్లి తిప్పుతుంటాను. వానలు మొదలయ్యాక హైవే మీద రాత్రి పురుగులు అద్దానికి కొట్టుకుని జిగురులా అంటుకుంటాయి. ఉత్త నీళ్లకు పోవు, వైపర్ తిప్పితే ఇంకా పులుముకుంటాయి. మా స్టాండులో కొందరు రేడియేటర్ కూలెంట్ కొంచెం వాషర్ ట్యాంకులో కలుపుతారు. పాచి పట్టదంటారు, ఆకుపచ్చగా చూడటానికి కొన్న ద్రవంలాగే ఉంటుంది. నేనూ ఈ మధ్య కలిపాను. మంచిదేనా?

పానా_పది (గాజువాక)
వద్దు. కూలెంట్ జిడ్డు. అద్దం మీద పొర కడుతుంది, వానలో ఆ పొర మీద వైపర్ జారుతుంది తప్ప తుడవదు. పెయింటు మీద కారి ఎండితే మచ్చ.

డాక్టరమ్మ (సీతమ్మధార)
అందులో ఉండేది ఎక్కువగా ఇథిలీన్ గ్లైకాల్. కడుపులోకి వెళితే మూత్రపిండాలు పోతాయి. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, చిన్నపిల్లలు నాలుక పెడతారు. అద్దం మీద కొట్టే నీళ్లలో దానికి చోటు లేదు. మీ బండి వాషర్ ట్యాంకు ఖాళీ చేయండి.

నిర్వాహకుడు
చర్చ బాగా నడుస్తోంది. ఎక్కడ, ఎంతకు అమ్ముతున్నారని దుకాణాల పేర్లు, ఫోను నంబర్లు పెట్టవద్దని మనవి. పానా_పది గారూ, కడిగే పద్ధతి ఒకేచోట వివరంగా రాస్తే అందరికీ ఉపయోగం.

పానా_పది (గాజువాక)
సరే, రాస్తాను. తీరిక ఉన్న ఉదయం, ఇంజను చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి.

ట్యాంకును చాలా కార్లలో ముందు బంపర్ వెనక, చక్రం పైన ఉండే నల్ల ప్లాస్టిక్ తొడుగు లోపల దాచేస్తారు. పైన బానెట్ కింద కనిపించేది నీళ్లు పోసే మెడ మాత్రమే. ముందు చక్రాన్ని పూర్తిగా ఒక పక్కకు తిప్పితే ఆ తొడుగుకు ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులు అందుతాయి. క్లిప్పు మధ్యలో ఉన్న బొడిపెను సన్న స్క్రూడ్రైవరుతో పైకి లేపాక క్లిప్పు మొత్తం ఊడి వస్తుంది. బలవంతంగా లాగితే విరుగుతుంది, పాత కార్ల క్లిప్పులు ఎండకు పెళుసెక్కి ఉంటాయి కాబట్టి నాలుగు కొత్తవి కొని పక్కన పెట్టుకోవడం మంచిది. బ్యాటరీ మైనస్ తీగ తీసి పెట్టండి.

కింద బక్కెట్ పెట్టండి. మోటారు ప్లగ్గు, గొట్టం తీసేయండి. రెండు గొట్టాలుంటే ఏది ఎక్కడిదో ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి, తారుమారైతే ముందు మీట లాగితే వెనక తడుస్తుంది. మోటారును మెల్లగా మెలితిప్పుతూ పైకి లాగితే రబ్బరు బుష్‌లో నుంచి వచ్చేస్తుంది, వెంటనే నీళ్లన్నీ బక్కెట్లో పడతాయి. వాటి రంగు చూస్తే మీకే అర్థమవుతుంది. తర్వాత రబ్బరు బుష్‌ను వేళ్లతో వంచి బయటికి తీయండి. కొన్ని కార్లలో జాలి దానికే అతికి ఉంటుంది, కొన్నిటిలో మోటారు మూతికి ఉంటుంది. పళ్లు తోముకునే పాత బ్రష్షుతో గోరువెచ్చని సబ్బు నీళ్లలో తోమండి. బుష్ గట్టిపడి పగుళ్లు కనిపిస్తే అప్పుడే మార్చేయండి. అది చవక, కానీ పాతది పెడితే రాత్రంతా బొట్టు బొట్టుగా కారుతుంది.

ట్యాంకు లోపలికి పిల్లల పాల సీసా తోమే పొడవు బ్రష్షు దూరితే అదృష్టం. దూరకపోతే గుప్పెడు గళ్లుప్పు, చెంబెడు గోరువెచ్చని నీళ్లు పోసి, ట్యాంకు విప్పగలిగితే విప్పి గట్టిగా కుదపండి. ఉప్పు గళ్లు గోడలకు రుద్దుకుని పాచిని రాలుస్తాయి. తర్వాత ఉప్పు ఆనవాలు లేకుండా కడగాలి. గారకు మందు మాస్టారు చెబుతారు.

గొట్టాలకు గాలి కొట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. పంక్చరు షాపులో గాలి కొట్టిద్దామని నాజిల్ బిగించి ఉండగానే మోటారు వైపు నుంచి కొట్టించకండి. ఆ ఒత్తిడికి మధ్యలోని T ఆకారపు జాయింటు, ఒకవైపే నీళ్లు వదిలే వాల్వు ఊడిపోతాయి. ఊడేది డాష్‌బోర్డు దగ్గరైతే వెతుక్కోవడానికి ఒక రోజు. నాజిల్ విప్పి, గొట్టం రెండు కొసలూ ఖాళీగా ఉంచి, సైకిలు పంపుతో కొడితే చాలు. నాజిళ్లను విడిగా నానబెట్టి, బయటి వైపు నుంచి లోపలికి సిరంజితో నీళ్లు తోయండి. వచ్చిన దారినే చెత్త వెనక్కి పోవాలి. వాల్వు మీద బాణం గుర్తు ఉంటుంది, బాణం నాజిల్ వైపు చూడాలి.

గొట్టం పొడవునా ఒకసారి చేత్తో తడమండి. అపార్టుమెంటు సెల్లారుల్లో ఎలుకలకు ఈ సన్న రబ్బరు గొట్టాలంటే మహా ఇష్టం. బానెట్ కీలు దగ్గర వంగే చోట పగుళ్లు కూడా ఉంటాయి.

అన్నీ బిగించాక ట్యాంకు నింపే ముందు మీట లాగొద్దు. లోపల తిరిగే రెక్కలకు నీరే చలవ, పొడిగా తిరిగితే కాలిపోతాయి. నింపాక కూడా ఒకేసారి పది సెకన్లకు మించి పట్టి ఉంచొద్దు.

లిట్మస్_మాస్టారు (ఎంవీపీ కాలనీ)
గారకు తెల్ల వెనిగర్ చాలు. ఒక వంతు వెనిగర్‌కు మూడు వంతుల నీళ్లు. ట్యాంకులో పోసి అరగంట ఉంచి, మీట లాగి నాజిళ్ల దాకా రప్పించి, మరో పావుగంట ఆగి, మంచినీళ్లతో వాసన పోయేదాకా కడగాలి. రాత్రంతా వదిలేయకండి, మోటారులో లోహపు భాగాలు ఉంటాయి. బానెట్ మీద పడినదాన్ని కూడా కడిగేయండి. వెనిగర్ దొరకకపోతే కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు ఉంటుంది, లీటరుకు రెండు చెంచాలు సరిపోతుంది. గార మీద పడగానే బుడగలు వస్తే అది సున్నమే అని రుజువు.

పాచి చస్తుందని బ్లీచింగ్ పౌడరు వేస్తామనేవారు ఉంటారు. వేయకండి. రబ్బరు చెడుతుంది, లోహం తింటుంది. అన్నిటికంటే ముఖ్యం, బ్లీచింగ్, వెనిగర్ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఒకటి పోసి కడగకుండా రెండోది పోసినా అంతే.

కంబాలకొండ (మధురవాడ)
ఈ ఆదివారం ఇదే పని పెట్టుకున్నాను, మా బావమరిది సాయం వచ్చాడు. బక్కెట్లో పడినవి టీ డికాక్షన్ రంగు నీళ్లు. జాలి కనిపించనే లేదు, దాని చోట నల్లటి జిగురు ముద్ద ఉంది. బ్రష్షుతో తోమితే కింద తెల్ల జాలి బయటపడింది. నాజిళ్లు వెనిగర్‌లో వేయగానే మాస్టారు చెప్పినట్టే బుడగలు వచ్చాయి. ఇప్పుడు ముందు రెండు ధారలూ అద్దం పై అంచు దాకా కొడుతున్నాయి, గోళీలు కాస్త కిందికి తిప్పుకోవాల్సి వచ్చింది. వాసన లేదు. మోటారు కొనలేదు, ఖర్చల్లా రబ్బరు బుష్, క్లిప్పులు, వెనిగర్ సీసా.

వెనక మాత్రం ఇంకా నీరసమే. డిక్కీ తలుపు తెరిచినప్పుడు లోపలి అట్ట కాస్త తడిగా తగిలింది.

పానా_పది (గాజువాక)
తడి తగిలిందంటే గొట్టం పగిలింది. పైకప్పు నుంచి డిక్కీ తలుపులోకి తీగలు, నీళ్ల గొట్టం కలిసి దూరే నల్ల రబ్బరు తొడుగు ఉంటుంది. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ గొట్టం అక్కడ వంగుతుంది. తొడుగు ఒక వైపు లాగి చూడండి. పగిలిన ముక్క కోసి, చేపల తొట్టికి వాడే సరైన సైజు సన్న జాయింటుతో కలపొచ్చు. ఆలస్యం చేయకండి, అదే తొడుగులో బ్రేకు లైటు తీగలు కూడా ఉంటాయి.

ఉప్పుగాలి (చినవాల్తేరు)
కడగడం అయింది, ఇప్పుడు ఏం పోయాలి? బజారులో నీలం రంగు సీసాలు, మాత్రలు, మైనస్ ఇరవై డిగ్రీలకు కూడా గడ్డకట్టదని రాసిన డబ్బాలు అన్నీ ఉన్నాయి.

లిట్మస్_మాస్టారు (ఎంవీపీ కాలనీ)
మైనస్ ఇరవైతో మనకేం పని? ఆ డబ్బాలు చలి దేశాలకు. అవి గడ్డకట్టకుండా ఉండటానికి వాడే ఆల్కహాలు కొన్నిటిలో మెథనాల్, అది విషం. ఆవిరి పీల్చడం కూడా మంచిది కాదు. మనకు కావాల్సింది జిడ్డును, పురుగుల జిగురును కరిగించే మామూలు గాఢ ద్రవం. సీసా మీద రాసిన పాళ్లలో ఆర్ఓ నీళ్లలో కలపండి. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం అనేది లేదు, నురగే ఎక్కువ. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ఇంట్లో తయారుచేసుకునేవారు పాళ్లు దాటొద్దు. గాఢంగా ఉంటే హెడ్‌లైటు ప్లాస్టిక్ మీద సన్న పగుళ్లు తెస్తుంది, పైగా అది మండే పదార్థం.

డాక్టరమ్మ (సీతమ్మధార)
ద్రవం పోశాం కదా అని ఏళ్ల తరబడి వదిలేయకూడదు. నేను చెప్పిన అరిజోనా పరిశోధకులే కొన్ని రకాల వాషర్ ద్రవాల్లోనూ ఆ సూక్ష్మజీవి నెలల తరబడి బతకగలదని ప్రయోగశాలలో చూశారు. ఖాళీ కాకముందే పైపైన నింపుతూ పోతే అడుగున ఎప్పటికీ పాత నీళ్లే ఉంటాయి. అప్పుడప్పుడు పూర్తిగా వాడి, ఖాళీ చేసి నింపండి.

మంచుదారి (చోడవరం)
మైనస్ ఇరవై వద్దు సరే. డిసెంబరులో లంబసింగి వెళ్లి రాత్రి ఉండేవాళ్ల సంగతి? అక్కడ సున్నా దగ్గరికి పడిపోతుంది, గడ్డి మీద మంచు పేరుకుంటుంది.

పానా_పది (గాజువాక)
ఒక్క తెల్లవారుజాముకు ట్యాంకు గడ్డకట్టదు, నాజిల్ కొసన చుక్క గట్టిపడితే గట్టిపడొచ్చు. రాకపోతే మీట పట్టుకుని లాగుతూ కూర్చోవద్దు, మోటారు పోతుంది. ఇంజను వేడెక్కి ఎండ వచ్చాక అదే కరుగుతుంది. అద్దం మీద మంచు పేరుకుంటే వేడినీళ్లు పోయొద్దు, పగులుతుంది. ఇక అరకు, లంబసింగి దారుల్లో పొగమంచుకు అద్దం మసకబారితే వాషర్ కొట్టేవాళ్లున్నారు. మసక లోపలి వైపు ఉంటే నీళ్లు ఏం చేస్తాయి? ఏసీ వేసి అద్దం మీదికి గాలి తిప్పండి.

బ్యాడ్జీ_నంబరు (ఎన్ఏడీ కొత్త రోడ్డు)
నా ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. కూలెంట్ కలిపిన ఆ నీళ్లు ట్యాంకులో నుంచి తీశాను, రెండు లీటర్లు పైనే. స్టాండు పక్క కాలువలో పారబోద్దామనుకుంటే డాక్టరమ్మ గారి మాట గుర్తొచ్చి ఆగాను. ఎక్కడ పోయాలి? ట్యాంకు ఎంతవరకు కడగాలి?

డాక్టరమ్మ (సీతమ్మధార)
ఆగి మంచి పని చేశారు. కాలువలో వద్దు, స్టాండు దగ్గర కుక్కలు తాగుతాయి. గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, మీద పేరు రాసి, పిల్లలకు అందనిచోట పెట్టండి. తాగే నీళ్ల సీసాలో మాత్రం పోయకండి.

పానా_పది (గాజువాక)
పాత కూలెంటు, పాత ఇంజనాయిలు విడిగా పోగుచేసే గ్యారేజీకి ఇచ్చేయండి, మా షెడ్డులోనూ తీసుకుంటాం. ట్యాంకులో గోరువెచ్చని నీళ్లు, చుక్క సబ్బు ద్రవం పోసి కుదిపి తీయండి. తర్వాత ఒట్టి నీళ్లు. తెల్ల గిన్నెలోకి పట్టినప్పుడు ఆకుపచ్చ ఛాయ, వేళ్ల మధ్య జారుడు రెండూ పోయేదాకా. ఆ మొదటి కడుగు నీళ్లు కూడా అదే డబ్బాలోకి. వైపర్ రబ్బరును, అద్దాన్ని సబ్బు గుడ్డతో తుడిచి ఆ తర్వాతే కొత్త ద్రవం నింపండి, లేకపోతే రబ్బరుకు అంటిన జిడ్డే మళ్లీ అద్దమంతా పూస్తుంది.